చాటున ఉన్న తల్లి

మా తోడికోడలు వెంకటనరసమ్మను గురించి ఊళ్ళో ఇప్పటికీ ఒక మాట అంటారట, కన్నబిడ్డ ఛీకొట్టిన తల్లి అని. అననివ్వండి. అనేవాళ్ళలో ఆవిణ్ణి కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడు. చూసినదాన్ని నేను మిగిలాను. నాకు నోరు కొంచెం పెద్దదని మావాళ్ళంతా అంటారు, అది నిజమే. మధ్యలో ఎవరినైనా నాలుగు మాటలంటే ఏమీ అనుకోకుండా వినండి.

నేను పెంటపాడు పిల్లని. మా నాన్న నన్ను కలిదిండి అవతల, కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరికి ఇచ్చాడు. ఉప్పు సత్యాగ్రహం రోజులవి. తాడేపల్లిగూడెంలో రైలెక్కి, రైలు దిగి బండెక్కి, బండి దిగి దోనె ఎక్కితే గాని అత్తారిల్లు రాలేదు. వానాకాలంలో కొల్లేరు మా పెరటి గట్టు దాకా వచ్చేది. ఎటు తిరిగినా తడిసిన గడ్డి వాసన, చేపల వాసన. మొదటి నెలంతా ముక్కు మూసుకుని ఏడ్చాను. నా ఏడుపు ఎవడికి కావాలి!

ఇంట్లో మా అత్తగారు అచ్చమ్మ, ఆవిడ పెద్దకొడుకు ఏడుకొండలు, చిన్నకొడుకు వీరాస్వామి. వీరాస్వామి నా మొగుడు. ఏడుకొండలు బావగారి భార్య వెంకటనరసమ్మ. అక్కా అని పిలిచేదాన్ని. వాళ్ళకి ఒక్కతే కూతురు, మాణిక్యం. నేను కాపురానికి వెళ్ళేసరికి దానికి మూడేళ్ళు దాటాయి గాని నోట్లో మాట లేదు.

మాట లేకపోతే లేకపోయింది, ఆ పిల్ల తీరే వేరు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. పెరట్లో కొబ్బరిచిప్ప బోర్లించి, వేలితో గిర్రున తిప్పి, అది ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసేది. ఆగితే మళ్ళీ తిప్పేది. గంగిరెద్దులవాడి సన్నాయి వినిపిస్తే చెవులు మూసుకుని గాదె వెనక దూరేది. మెల్లగా బుగ్గ నిమిరితే ఒళ్ళు కాలినట్టు అరిచేది. వెళ్ళిన కొత్తలో ముద్దొచ్చి వెనక నుంచి ఎత్తుకున్నాను. నా మణికట్టు కొరికి వదిలింది! నేను పెట్టిన కేకకి వీధిలోవాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

అక్క మాత్రం పరిగెత్తుకు రాలేదు. ఆవిడ ఏ పనికీ పరిగెత్తే రకం కాదు. పొడుగ్గా, సన్నగా, నలుపు తిరిగిన మనిషి. నడక నిదానం, మాట నిదానం. చేతిలో చేట పక్కన పెట్టి వచ్చి, "వెనక నుంచి ఎత్తకు మంగా. దాని ఎదురుగా వచ్చి కూర్చో. చేతులు చాపి ఊరుకో. దానికి రావాలని ఉంటే వస్తుంది" అంది.

"రాకపోతేనో?"

"రాకపోతే మన పని మనం చూసుకోవడమే."

ఇదేం తల్లి అనుకున్నాను. మా అత్తగారు చెయ్యని మందు లేదు. వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాసింది. చిలక కొరికిన జామపండు ఎక్కడెక్కడి తోటల నుంచో తెప్పించి తినిపించబోయింది. మాణిక్యం ఆ పండు గోడకేసి కొట్టింది. ఏలూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించారు. ఆయన మంచివాడే పాపం. చెవులు చూసి, గొంతు చూసి, ఒంట్లో ఏ లోపమూ లేదమ్మా, దీనికి నా దగ్గర మందు లేదు, ఓపిగ్గా చూసుకోండి అన్నాడట. ఆ మాట పట్టుకున్నది అక్క ఒక్కతే.

ఆవిడ చేసిన పనల్లా చూడడం. దాని పక్కన కూర్చుని, ఏది చూస్తే ఊరుకుంటుందో, ఏది చూస్తే బెదురుతుందో చూసేది. చూసి చూసి, దానికి తగ్గట్టు ఇంటినే మార్చింది. స్నానానికి ముందు చెంబు చూపించేది, పడుకోవడానికి ముందు చాప చూపించేది. తండ్రితో దోనెలో షికారు వెళ్ళాలంటే ముందు తెడ్డు తెచ్చి చేతికిచ్చేది. అప్పుడు ఆ పిల్ల గోల చెయ్యకుండా వెళ్ళి దోనెలో కూర్చునేది. బెదిరినప్పుడు నిమరడం కాదు, పాత చీర గట్టిగా ఒంటికి చుట్టి ఒళ్ళో అదిమి పట్టుకునేది. మెత్తటి చెయ్యి తగిలితే ఏడ్చే పిల్ల ఆ బిగింపులో కళ్ళు అరమోడ్చి పడుకునేది. అది నాకిప్పటికీ వింతే.

అన్నం దగ్గర మరీ పట్టింపు. పప్పు అన్నానికి తగలకూడదు. ముద్దలన్నీ ఒకటే లావు ఉండాలి. పెరటి గుమ్మంలో ఆ గడప మీదే కూర్చోవాలి. అక్క ముద్ద చేసి, చెయ్యి కాస్త కదిపి, చిలకపచ్చ గాజులు గలగలమనగానే అది నోరు తెరిచేది. గాజులు మోగకపోతే తెరిచేది కాదు. మనిషి కళ్ళల్లోకి చూసేది కాదు ఆ పిల్ల. గాజులు చూసేది, బొట్టు చూసేది, చీర ఎర్రంచు చూసేది. దానికి తల్లి అంటే అవన్నీ కలిసి ఒక్కటి.

అది అక్కకి తెలుసు. అందుకే గాజుల శెట్టి వచ్చినప్పుడు మేమంతా కొత్త రంగుల కోసం ఎగబడితే, ఆవిడ ఎప్పుడూ ఆ చిలకపచ్చవే. ఒక గాజు చిట్లితే, కొత్తది మాణిక్యం ఎదుట కూర్చుని, దాని చేత ముట్టించి, అప్పుడు తొడుక్కునేది. "ఏదైనా దాని కళ్ళెదుట జరగాలి మంగా. చూపించి చేస్తే ఒప్పుకుంటుంది. చాటున చేసి తెచ్చి ఎదుట పెడితే దానికి లోకం కూలిపోయినట్టే" అనేది.

ఇది అందరికీ చెల్లే సూత్రం అనుకునేరు, కాదు. మా ఊరి బడిపంతులు సత్యనారాయణమూర్తి గారికి మాట రాని కొడుకొకడు ఉండేవాడు. మాణిక్యం ఏడవకుండా అన్నం తింటోందని తెలిసి, పంతులుగారి భార్య కొడుక్కి చీర చుట్టి గాజులు మోగించి అన్నం పెట్టబోయింది. వాడు కంచం తన్నేశాడు. ఆవిడ ఏడుస్తూ వస్తే అక్క వెళ్ళి కొన్నాళ్ళ పాటు వాళ్ళ అరుగు మీద కూర్చుని వాణ్ణి చూసింది. "వీడికి బిగింపు పనికిరాదండి. వీడికి తిరగాలి. తిరగనివ్వండి" అంది. కుప్ప నూర్చే రోజుల్లో కళ్ళంలో గొడ్ల వెనక వదిలితే వాడు గుంజ చుట్టూ గుండ్రంగా తిరిగి తిరిగి, నవ్వుతూ వచ్చి తిన్నాడు. ఆ మాట ఎలా తెలిసిందక్కా అంటే, "మాణిక్యం మాణిక్యమే, వాడు వాడే" అంది. అంతకు మించి చెప్పడం ఆవిడకి రాదు.

అలా మూడు నాలుగేళ్ళు గడిచాయి. మాణిక్యానికి మాట రాలేదు గాని ఏడుపు తగ్గింది. తండ్రి వస్తే తెడ్డు తనే తెచ్చి ఇచ్చేది. బావగారు మురిసిపోయేవాడు. ఒక ఆశ్వయుజంలో ఆయన గడ్డి కోసుకొస్తుంటే గాలివాన పట్టింది. కొల్లేట్లో కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య దోనె తిరగబడింది. మర్నాడు తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. మా అత్తగారి ఏడుపు చెప్పను. చెప్పలేను.

అక్క కూడా ఏడ్చింది గాని, ఆ ఏడుపులోనూ ఆవిడ బుద్ధి ఒకచోట నిలబడి ఉంది. పదో రోజు దగ్గర పడుతోంది. మాలో పదో రోజున గాజులు తీసి, బొట్టు చెరిపి, రంగుచీర మాన్పిస్తారు. ఆ తంతు విధవలే చేస్తారు. పుణ్యస్త్రీలు చూడకూడదు. ఆడపిల్లలు ఆ ఛాయలకే రాకూడదు. అక్క వెళ్ళి మా అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అత్తయ్యగారండీ, మీరు ఎలా చెయ్యమంటే అలా చేస్తాను. ఒక్కటి అడుగుతానండి. మాణిక్యాన్ని నా ఒళ్ళో ఉండనివ్వండి. ఒక్కొక్క గాజూ దానికి చూపించి తీస్తాను. దానికి తెలియాలండి."

మా అత్తగారు చెవులు మూసుకుంది. "మతి పోయిందటే నీకు? ఆడపిల్ల ఎదుట అలాంటి పని చేస్తారా? నా కొడుకు ఎలాగూ పోయాడు. ఆ పిల్ల బతుకు కూడా బండలు చేస్తావా?"

"చూడకపోతేనే దాని బతుకు పోతుందండి."

"నోరు ముయ్యి!"

నేనూ ఊరుకోలేదు. అక్క చెప్పింది వినండత్తయ్యగారూ అని గొంతు చించుకున్నాను. నీకూ పోయేకాలం వచ్చిందా అంది నన్ను. మా అత్తగారు దుర్మార్గురాలు కాదు, అది చెప్పాలి. మాణిక్యం అంటే ప్రాణం పెట్టేది. ఆ గాజులు పగిలే చప్పుడు మనవరాలి చెవిన పడితే దానికీ అదే గతి పడుతుందని నిజంగా భయపడింది. పిల్లకి మంచి చేస్తున్నాననుకుంటూనే చేసింది. ఆ పూటకి నన్నూ, మాణిక్యాన్నీ ఊరికి అవతలి చివర తన తమ్ముడి ఇంటికి పంపేసింది. ఇంట్లో శుద్ధి అయ్యేదాకా రావద్దంది. అక్కడ మాణిక్యం ఎవరి చేతి ముద్దా తీసుకోలేదు. నేల మీద పోసిన మరమరాలు తనే ఏరుకు తిన్నది.

తిరిగొచ్చిన రోజు నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది. దూరాన మా పెరటి గుమ్మం కనబడగానే మాణిక్యం నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తింది. వెళ్ళి ఆ గడప మీద తన చోట కూర్చుంది. అక్క లోపలి నుంచి కంచంతో వచ్చింది. ముతక తెల్ల పంచె, బోసి నుదురు, బోసి చేతులు. ఆవిడ ఎదురుగా కూర్చుని, పప్పు తగలకుండా ముద్ద చేసి, అలవాటున చెయ్యి కదిపింది. చప్పుడు లేదు.

మాణిక్యం ఆ చేతి వంక చూసింది. నుదుటి వంక చూసింది. కంచం మీద కొట్టి లేచింది. ఇల్లంతా వెతికింది. గాదె వెనక చూసింది, కుడితి గోలెం వెనక చూసింది, పశువుల పాకలో చూసింది. నా దగ్గరికొచ్చి నా గాజులు పట్టుకు చూసి, కావని వదిలేసింది. తల్లి ఎదురుగా నిలబడి "మాణిక్యం, మాణిక్యం" అంటూ ఉండగా అది తల్లిని వెతికింది.

ఆ రోజు నుంచి అక్క చెయ్యి తగిలితే దానికి కంపరం. ఆవిడ గొంతు వింటే ఇంకా బెదిరేది. పాత చీర చుట్టబోతే కొరికింది.

"నన్ను దొంగననుకుంటోంది మంగా. అమ్మ గొంతు ఎత్తుకొచ్చిన దొంగననుకుంటోంది" అంది అక్క. ఇన్నేళ్ళయినా ఆ మాట నా చెవిలోంచి పోలేదు.

పిల్ల తిండి మానేసింది. మరమరాలు, మంచినీళ్ళు. పక్కటెముకలు బయటపడ్డాయి. వంటింట్లో అక్క నా చెయ్యి పట్టుకుంది. "మంగా, నీకు తొడుక్కుంటానని చెప్పి చిలకపచ్చ గాజులు కొనుక్కురా" అంది. ఎందుకని అడగలేదు నేను. తెచ్చాను. గడ్డివాము వెనక ఎవరూ రాని చోట అక్క వాటిని తొడుక్కుంది. మాణిక్యాన్ని తీసుకొచ్చాను. గాజులు మోగగానే ఆ పిల్ల ఆగింది. రెండడుగులు వేసింది. నుదురు చూసింది. వెనక్కి తగ్గింది.

"సగం మనిషిని చూపిస్తే ఇంకా భయం దానికి. నీ కుంకుమ భరిణె పట్రా" అంది అక్క.

ఇంట్లోకి పరిగెత్తాను. భరిణె, ఎర్రంచు చీర రెండూ తెచ్చాను. అక్క చీర చుట్టుకుని, బొట్టు పెట్టుకుంది. మాణిక్యం వచ్చి ఎదురుగా కూర్చుంది. నోరు తెరిచింది. ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అక్క ఏడవలేదు. ఏడిస్తే మొహం మారిపోతుందని, అలాగే బిగబట్టి పెట్టింది.

అప్పుడు మా అత్తగారు వచ్చింది. గడ్డి కోసం వచ్చి వాము పక్కన నిలబడిపోయింది. అరుస్తుంది, అయిపోయాం అనుకున్నాను. అరవలేదు. అక్క నుదుటి మీద బొట్టు చూసి నవ్వింది! వీధి వైపు తిరిగి, "ఏడుకొండలు వచ్చాడటే?" అంది. ఒక్క క్షణం. తర్వాత గుర్తొచ్చింది. నేల మీద కూలబడి తల బాదుకుంది.

"నా కొడుకు తిరిగొచ్చాడనుకున్నానే! ఆ బొట్టు చూసి బతికొచ్చాడనుకున్నానే! రెండోసారి చంపావు కదే వాణ్ణి!"

అక్క కొంగుతో బొట్టు తుడిచేసుకుంది. గాజులు మాణిక్యం ఎదుట ఒక్కొక్కటే తీసింది. ఇప్పుడన్నా చూస్తుందేమోనని ఆశ. కాని ఆ కేకలకి ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏమీ చూడలేదు. అక్క వెళ్ళి మా అత్తగారిని పట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ తర్వాత మళ్ళీ ప్రయత్నిద్దామక్కా, ఆవిడ లేనప్పుడు చూద్దాం అంటే అక్క ఒప్పుకోలేదు. "ఆ నవ్వు చూశావుగా మంగా. కడుపుకోత పడ్డ మనిషికి మళ్ళీ ఆ నవ్వు తెప్పించి, మళ్ళీ లాక్కోలేను" అంది.

మా ఊరి క్రైస్తవుల పేటలో మిషను బడి నడిపే రాజరత్నం టీచరు ఉండేది. ఆవిడా భర్త పోయినదే, కాని చేతులకి గాజులుండేవి. వాళ్ళ చర్చిలో ఆ పట్టింపు లేదు. ఒకనాడు ఆవిడ చెరువుగట్టు మీద కనిపిస్తే అక్క ఆపి అడిగింది.

"ఏవండీ టీచరుగారూ, మీలో కలిస్తే మీ దేవుడు నన్ను గాజులు తొడుక్కోనిస్తాడాండీ?"

రాజరత్నం గారు నవ్వలేదు. మతంలోకి రమ్మని ఆశా పెట్టలేదు. "ఆయన అడ్డు చెప్పడండి. కాని మీరు మాలో కలిస్తే మీవాళ్ళు పిల్లని మీతో పంపిస్తారా?" అంది.

పంపించరు. ఎలా పంపిస్తారు? అక్క తల ఊపి ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రం తన పెట్టె తెరిచి రంగుచీరలన్నీ తీసి నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వు నేర్చుకో మంగా."

"ఏం నేర్చుకోవాలి?"

"నేను అవడం."

నేను తిట్టాను. నీకు బుద్ధుందా, కన్నబిడ్డని అప్పజెపుతావా అన్నాను. "బిడ్డ బతకాలి. ఎవరి చేత బతికితేనేం" అంది.

నేర్చుకున్నాను. ముద్ద ఎంత లావు, గడప మీద ఎటు తిరిగి కూర్చోవాలి, గాజులు ఎప్పుడు కదపాలి, పాత చీర ఎంత బిగువుగా చుట్టాలి. అక్క చీరే కట్టి, అక్క పెట్టుకున్నంత బొట్టే పెట్టి, చిలకపచ్చ గాజులతో గుమ్మంలో కూర్చున్నాను. అక్క తలుపు వెనక నిలబడి గుసగుసగా చెప్పింది. "కొంచెం కిందికి పట్టు. దాని మొహంలోకి చూడకు. ఆ... ఇప్పుడు కదుపు."

కదిపాను. మాణిక్యం చాలాసేపు చూసింది. నా చీర అంచు వాసన చూసింది. నోరు తెరిచింది. తలుపు వెనక ఏదో పడిన చప్పుడైంది. అక్క కూలబడింది. నేను వెనక్కి తిరగలేదు. తిరగొద్దని ముందే చెప్పింది.

ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరిగి ఉండదు. వండేది అక్క. పప్పు విడిగా, అన్నం విడిగా సర్దేది అక్క. మాణిక్యం గోళ్ళు ఎప్పుడు తియ్యాలో, ఏ చప్పుడుకి బెదిరిందో, దానికి ఏమి చెయ్యాలో చెప్పేది అక్క. చేసేది నేను. పిల్ల కంటబడకుండా ఆవిడ పొలం పనులు, గొడ్ల పనులు పెట్టుకుంది. ఇంట్లోకి రావాలంటే గట్టు మీద నుంచి చుట్టూ తిరిగి వచ్చేది. ఊళ్ళో ఆడవాళ్ళు నాతో, పిన్నివైనా తల్లిలా సాకుతున్నావమ్మా మంగతాయారూ అనేవాళ్ళు. తల్లి పట్టించుకోదుగా అని దీర్ఘాలు తీసేవాళ్ళు. వాళ్ళ నోళ్ళు పడిపోను! ఒకరిద్దరితో జుట్లు పట్టుకోవడం దాకా వచ్చింది.

నా మనసు ఆగక ఒకసారి మెల్లగా అలవాటు చేద్దామన్నాను. అక్క దూరంగా చింతచెట్టు దగ్గర కూర్చోవడం, రోజు రోజుకీ కాస్త దగ్గరికి జరగడం. కొన్నాళ్ళకి మాణిక్యం తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. అక్క ఆ రోజే మానేసింది.

"దానికి నేను కావాలని నాకుంది మంగా. దానికి లేదు. నా కోరిక కోసం దాన్ని ఏడిపించనా?"

"నీకు ఏడుపు రాదా అక్కా?"

"ఎందుకు రాదు. రోజూ వస్తుంది."

మాణిక్యానికి తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు, కార్తీకంలో, కొల్లేటి నీళ్ళు తీసే రోజుల్లో ఊరంతా చలిజ్వరాలు పట్టుకున్నాయి. దానికీ వచ్చింది. పోస్టాఫీసులో అమ్మే క్వినైను తెచ్చి ఇచ్చాం. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. కళ్ళు మూసుకుపోయాయి. గాజులు మోగించాను, పలకలేదు. పిలిచాను, కొబ్బరిచిప్ప తెచ్చి చెవి దగ్గర తిప్పాను. ఉహుఁ.

అక్క పొలం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "కళ్ళు తెరిచిందా?"

"లేదక్కా."

కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చింది. ఆ గదిలోకి మాణిక్యం ఉండగా ఆవిడ రావడం ఎన్నేళ్ళకో! చాప మీద కూర్చుని, పిల్లని ఎత్తి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఎంత పొడుగైపోయిందే అంది. జుట్టు నిమిరింది, మెల్లగా కాదు, దానికి ఇష్టమైనట్టు గట్టిగా. చెవి వెనక పుట్టుమచ్చ చూసింది. పాదాలు చేత్తో కొలిచి చూసింది. అన్నేళ్ళుగా చూడనివన్నీ చూసుకుంది. నేను పక్కన కూర్చుని గాజులు కదుపుతూనే ఉన్నాను. ఆ మగతలో అది అమ్మ దగ్గరే ఉన్నాననుకోవాలని.

ఆ సాయంత్రమూ, మర్నాడంతా అక్క లేవలేదు. తడిగుడ్డ వేస్తూ, చుక్క చుక్కగా నీళ్ళు పోస్తూ ఉంది. "ఇది కళ్ళు తెరవాలి మంగా" అంటుంది. మళ్ళీ తనే, "తెరిస్తే నేను లేచిపోవాలి" అంటుంది. కాసేపాగి, "అయినా తెరవాలి" అంటుంది.

మా అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి అవన్నీ వింది. లోపలికి వెళ్ళింది. కుంకుమ భరిణె పట్టుకొచ్చింది.

"అమ్మాయ్, బొట్టు పెట్టుకోవే. గాజులు తొడుక్కో. నేనేమీ అనను. ఊరు ఏమన్నా అననీ. కళ్ళు తెరిచేసరికి దానికి నువ్వే కనబడు."

నాకు ఆశ పుట్టింది. పెట్టుకో అక్కా, పెట్టుకో అన్నాను. నా చేతి గాజులు తీసేయబోయాను కూడా. అక్క ఆ భరిణె వంక చూసింది. చెయ్యి చాపుతుందనుకున్నాను. చాపలేదు.

"ఇప్పుడెందుకండీ అత్తయ్యగారూ. ఇప్పుడు దాని అమ్మ మంగ కదండీ. లేచేసరికి ఇద్దరమ్మలు కనబడితే అది తట్టుకోలేదు. ఒకసారి అమ్మ మారిపోతేనే ఎంత కష్టపడిందో చూశాంగా. మళ్ళీ ఆ కష్టం పెట్టలేనండి."

మా అత్తగారు భరిణె నేల మీద పెట్టి, అక్క పక్కనే చతికిలబడి, కోడలి భుజం మీద తల ఆనించింది.

ఆ మర్నాడు పాలు పితికే వేళకి మాణిక్యానికి చెమట పట్టింది. ఒళ్ళు చల్లబడింది. నేను కొంగుతో మెడ తుడుస్తుంటే కనురెప్పలు కదిలాయి. అక్క లేవాలి. లేస్తానన్నది. లేవలేకపోయింది. ఒక్క క్షణం, ఒక్క క్షణం అనుకుంటూ అలాగే కూర్చుండిపోయింది. మాణిక్యం కళ్ళు తెరిచింది. పైన వంగి ఉన్న బోసి నుదుటిని చూసింది. కెవ్వున అరిచి, రెండు చేతులతో గుండెల మీద తోసింది.

అక్క వెనక్కి పడింది. తల గోడకి తగిలింది. చూస్తే ఆవిడ నవ్వుతోంది! కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతూ పగలబడి నవ్వుతోంది.

"తోసిందే మంగా! చూశావా, ఎంత గట్టిగా తోసిందో! బలం వచ్చిందే, బతికిందే!"

లేచి, గోడ పట్టుకుని, పిల్ల వైపు మళ్ళీ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. నేను అక్క చోట కూర్చుని మాణిక్యాన్ని పాత చీరలో బిగించి పట్టుకున్నాను. కాసేపటికి అది ఊరుకుంది. అక్క గంజి కాచి గిన్నె గుమ్మం దాకా తెచ్చింది. లోపలికి రాకుండా నేల మీద పెట్టి, తలుపు పక్కకి తప్పుకుని, "వేడిగా ఉంది, చల్లార్చి పట్టు" అంది. చల్లార్చి పట్టాను. మాణిక్యం అంతా తాగింది. తాగిందక్కా అన్నాను. ఆ మాట విని అక్క గట్టు మీద నుంచి చుట్టూ తిరిగి గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయింది.